నా పేరు మీద పడ్డ తొమ్మిది లక్షలు

మా ఊళ్లో కాలువ తవ్వడానికి మా భూమి రెండెకరాల పైచిలుకు సర్కారు తీసుకుంది. నాన్న కొన్న భూమి, పట్టా ఆయన పేరు మీదే ఉంది. ఆయన పోయాక విరాసత్, అంటే పట్టా వారసుల పేరు మీదికి మార్పు, చేయించాలని అందరం అనుకుంటూనే ఉన్నాం గానీ ఎవరూ ఆఫీసు మెట్లెక్కలేదు. దాంతో పరిహారం దగ్గరికి వచ్చేసరికి వారసులందరి పేర్లూ రాశారు: అమ్మ, అన్న, నేను, తమ్ముడు. నలుగురికీ సమానం. కట్నం ఇచ్చి పంపిన ఆడపిల్లకు ఇంకేముంటుందిలే అనుకునేదాన్ని నేను. తండ్రి సొంతంగా కొన్న భూమికి వీలునామా లేకపోతే భార్య, కొడుకులు, కూతుళ్లు సమాన వారసులని 1956 హిందూ వారసత్వ చట్టంలోనే ఉందట, అప్పుడు తెలిసింది. తమ్ముడు మాత్రం ఒక మాట అన్నాడు, "అక్కా, నువ్వు సంతకం పెడితే అన్నా నేనూ చూసుకుంటం గదా" అని. "దాని పేరు సర్కారే రాసింది, నువ్వు కొట్టేస్తవా?" అన్నాడు అన్న. ఇక ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

2025 మార్చి మూడో వారంలో నా ఖాతాలో తొమ్మిది లక్షల ఇరవై వేలు పడ్డాయి.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను నేను. లక్షలు రాయడం కొత్త కాదు, సొంతవి రాసుకోవడమే కొత్త. పైగా ఊళ్లో ఎవరికెంత వచ్చిందో రూపాయితో సహా అందరికీ తెలుసు. వారం తిరక్కుండానే ఫోన్లు మొదలయ్యాయి. మరిది స్నేహితుడు ఒకాయన హైవే మీద వెంచర్‌లో ప్లాట్ అన్నాడు, ప్రీలాంచ్ రేటు, నాలుగు రోజులే అన్నాడు. వెంచర్‌కు సర్కారు ఇచ్చే రిజిస్ట్రేషన్, అదే రెరా నంబర్ అడిగితే "వస్తది మేడమ్, ప్రాసెస్‌ల ఉంది" అన్నాడు. ఆ నంబర్ రాకముందు ప్లాట్లు అమ్మడమే చట్టానికి విరుద్ధం. మళ్లీ ఆయన ఫోన్ ఎత్తలేదు నేను.

బ్యాంకులో ఇంకో తంతు. ఎఫ్‌డీ వేస్తానని వెళ్తే కుర్చీ వేసి, టీ తెప్పించి, ఒక రంగుల కాగితం ముందు పెట్టారు. "ఇది ఎఫ్‌డీ లాంటిదే మేడమ్, ఇన్సూరెన్స్ కూడా వస్తది." ఎఫ్‌డీ లాంటిదే అన్నారంటే ఎఫ్‌డీ కాదన్నమాట. "మూడేళ్లకు తీస్తే చేతికెంతొస్తదో కాగితం మీద రాసి సంతకం పెట్టియ్యండి" అన్నాను. టీ మాత్రం బాగుంది.

తమ్ముడిది అసలైన ఊరి సలహా: "రెండు రూపాయల మిత్తికి తిప్పుదాం అక్కా. నెలకు పద్దెనిమిది వేలు." లెక్క తప్పు కాదు, ఏడాదికి నూటికి ఇరవై నాలుగు. ఏ బ్యాంకూ ఇవ్వదు. కానీ మిల్లులో కూర్చుని నేను రోజూ చూసేది వసూలు సంగతే. ప్రామిసరీ నోటుకు మూడేళ్లు దాటితే కోర్టులో నిలవదు, మూడేళ్ల లోపు అడుగుదామంటే అవతల ఉన్నది పెదనాన్న కొడుకో, అత్తగారి వైపు వాళ్లో అయివుంటారు. మిత్తి పుస్తకంలో పెరుగుతూ ఉంటుంది, మాటలు తగ్గుతూ ఉంటాయి.

అయితే అదే రెండు రూపాయల మిత్తి నేనే కడుతున్నాను. ఇల్లు రిపేరుకు తెచ్చిన లక్షన్నర. నెలకు మూడు వేలు, ఏడాదికి ముప్పై ఆరు వేలు పోతున్నాయి. ఆ లక్షన్నరను ఏడు శాతం ఎఫ్‌డీలో పెడితే ఏడాదికి వచ్చేది పదివేల ఐదు వందలు. ఇంత తేలిక లెక్కకు ఎవరి సలహా అక్కర్లేదు. అప్పు కట్టేసి, ప్రామిసరీ నోటు తెచ్చుకుని, మా ఆయన ముందే చింపేశాను. బ్యాంకులో ఉన్న బంగారం లోన్ లక్ష కూడా కట్టేశాం. "కొంచెం బంగారం కొనుండ్రి" అని పోరుతున్న అత్తమ్మ, గొలుసు ఇంటికి రావడంతో ఊరుకుంది.

మిగిలింది ఆరు లక్షల డెబ్బై వేలు. ఇక్కడే అసలు టెన్షన్. నా భయం మిత్తి తక్కువ వస్తుందని కాదు. డబ్బు చేతికందేలా ఉంటే ఎవరో ఒకరు అడుగుతారు, నేను కాదనలేను. నా సంగతి నాకు తెలుసు. అందుకే ఎంత పెరుగుతుందన్నది ఒక్కటే చూడలేదు, ఎంత గట్టిగా తాళం పడుతుందన్నది కూడా చూశాను.

పాపకు ఎనిమిదేళ్లు. ఆడపిల్లల పేరు మీద సర్కారు పెట్టిన పొదుపు ఖాతా, సుకన్య సమృద్ధి, పదేళ్లలోపే తెరవాలి. వడ్డీ అప్పుడు 8.2 శాతం, ఏడాదికి లక్షన్నర దాటి కట్టడానికి లేదు. ఇక్కడ లెక్కలు రాసే బుద్ధి పనికొచ్చింది. ఆ ఏడాది అంటే ఆర్థిక సంవత్సరం. మార్చి 31లోపు పోస్టాఫీసులో ఖాతా తెరిచి ఒక లక్షన్నర కట్టాను, ఏప్రిల్ మొదటి వారంలో ఇంకో లక్షన్నర. నెలలో ఐదో తేదీ తర్వాత కడితే ఆ నెల మిత్తి రాదు, కాబట్టి ఐదు దాటనివ్వలేదు. పాప పది పాసైతేనో, పద్దెనిమిది నిండితేనో చదువుకు సగం వరకు తీయొచ్చు. అంతవరకు నేనడిగినా రాదు, తమ్ముడడిగినా రాదు.

ఇంకో లక్షన్నర ఏడాది ఎఫ్‌డీ, వచ్చే ఏప్రిల్‌లో సుకన్యకే. మరో లక్షన్నర వేరే బ్యాంకులో, ఆస్పత్రి పైసలని పేరు పెట్టి. అవసరమైతే కొంచెం మిత్తి కోసుకుని ఇస్తారు, అది చాలు.

అమ్మ వాటా సంగతి నా వాటా కంటే ఎక్కువ పని పెట్టింది. అరవై దాటినవాళ్లకు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీమ్ ఉంది, అప్పుడు అదీ 8.2 శాతమే, మూడు నెలలకోసారి మిత్తి ఇస్తారు. దానికి పాన్ కావాలి. ఆన్‌లైన్‌లో ఆధార్‌తో పాన్ తెప్పించాలంటే దానికి ఫోన్ నంబర్ కలిసుండాలి. ఆధార్‌లో ఉన్నది నాన్న పాత నంబర్, ఎప్పుడో పోయింది. నంబర్ మార్పించడానికి ఆధార్ సెంటర్‌కు తీసుకెళ్తే అమ్మ వేళ్లు మిషన్ మీద పడలేదు. పత్తి ఏరి, కలుపు తీసి గీతలన్నీ అరిగిపోయాయి. ఆపరేటర్ కుర్రాడు తడిగుడ్డతో తుడిపించాడు, ఒక్కో వేలూ తనే పట్టుకుని నొక్కాడు, లాభం లేదు. చివరికి కళ్లు స్కాన్ చేస్తే పనైంది. "వేళ్లు నావి కావంటదా మిషిన్?" అని అమ్మ దారి పొడవునా అంటూనే ఉంది.

తొమ్మిది లక్షలకు మూడు నెలలకు పద్దెనిమిది వేల నాలుగు వందల యాభై. ఐదేళ్లు. మధ్యలో తీసుకోవచ్చు కూడా, ఏడాదిలోపు తీస్తే ఇచ్చిన మిత్తి వెనక్కి తీసుకుంటారు, ఆ తర్వాతైతే ఒకటో ఒకటిన్నరో శాతం కోస్తారు. ఇది అమ్మకు విప్పి చెప్పాను. కాసేపు ఆలోచించి, "తీయొచ్చని తమ్మునికి చెప్పకు బిడ్డా" అంది. బోరు వేయిస్తానని వాడు అడిగినప్పుడు, "పోస్టాఫీసోళ్లు అయిదేండ్ల దాకా ఇయ్యరట" అని నా ముందే చెప్పింది.

పరిహారానికి పన్ను లేదు, 2013 భూసేకరణ చట్టం 96వ సెక్షన్ అదే చెబుతుంది. దాన్ని ఎఫ్‌డీలో, సీనియర్ సిటిజన్ స్కీమ్‌లో వేస్తే వచ్చే మిత్తి మాత్రం ఆదాయం లెక్కలోకి వస్తుంది. మిత్తిలోంచి ముందే పన్ను (టీడీఎస్) పట్టుకోకుండా అమ్మ తరఫున 15హెచ్, నా తరఫున 15జి ఫారాలు ఇచ్చాం.

చివరికి మిగిలిన డెబ్బై వేలలో ఫ్రిజ్ వచ్చింది, నాకొక పుట్టపాక చీర వచ్చింది. చీర ధర ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

జూలైలో అమ్మకు మొదటి మిత్తి పడింది. ఖాతా ఏప్రిల్ మధ్యలో తెరిచాం కాబట్టి కొంచెం తక్కువే. అందులోంచి ఐదు వేలు తీసి తమ్ముడికి ఎరువుల కోసం ఇచ్చిందట. తిరిగిస్తాడా అని అడగబోయి ఊరుకున్నాను. వాడు ఇంకా బోరు సంగతి వదల్లేదు, ఇప్పుడు అన్నను అడుగుతున్నాడు.