టైమింగ్ బెల్టు పని

ఈ రోజు షెడ్డులో చెప్పుకోదగ్గ పని ఒక్కటే, 1.5 లీటర్ల డీజిల్ రెనో డస్టర్ కారుకు టైమింగ్ బెల్టు మార్చడం. పిస్టన్లతో తిరిగే క్రాంకునూ, వాల్వులను తెరిచి మూసే క్యామ్‌నూ ఒకే లయలో ఉంచే పళ్ళ బెల్టు ఇది. బెల్టు తెగలేదు, పగుళ్ళు కూడా లేవు. గడువు దగ్గరపడిందని యజమాని ముందే తెచ్చి అప్పగించారు, ఇలాంటివారు అరుదు. ఇదే ఇంజిన్ వెరిటో, సన్నీ, టెర్రానో కార్లలోనూ వచ్చేది కనుక అలవాటైన పనే, అయినా కుడి చక్రం తీసి, ఇంజిన్ కింద చెక్కదిమ్మతో జాకీ ఆనించి, ఆ వైపు ఇంజిన్‌ను పట్టి ఉంచే మౌంటింగ్ విప్పేసరికి మధ్యాహ్నం కావచ్చింది.

మా కుర్రాడు పాత బెల్టు మీద, పుల్లీల మీద తెల్ల పెయింటు పెట్టి, "గుర్తులున్నాయి కదన్నా, మళ్ళీ పిన్నులెందుకు?" అన్నాడు. పిన్నులంటే క్రాంకు, క్యామ్‌లను అవి ఉండాల్సిన చోట ఆపి ఉంచే కడ్డీలు. పెయింటు గుర్తు బెల్టు ఎలా ఉందో చెబుతుంది గానీ ఎలా ఉండాలో చెప్పదని, ఇదివరకు ఎవరైనా ఒక పన్ను తేడాగా ఎక్కించి ఉంటే ఆ తేడానే మనం శ్రద్ధగా కొత్త బెల్టుకు కూడా ఎక్కిస్తామని చెప్పాను. క్రాంకు పుల్లీకి 20 పళ్ళున్నాయనుకుంటే ఒక్క పన్నుకు 18 డిగ్రీలు తప్పుతుంది. డీజిల్ ఇంజిన్‌లో పిస్టన్ పైకి వచ్చినప్పుడు సిలిండర్ హెడ్డుకు, అంటే వాల్వులుండే పై మూతకు, దాదాపు ఆనేంత దగ్గరగా వస్తుంది కాబట్టి, మూసుకోవలసిన వేళకు వాల్వు మూసుకోకపోతే పిస్టన్ దాన్ని కొట్టి వంచేస్తుంది.

బ్లాకుకున్న ప్లగ్గు తీసి అక్కడ పిన్ను బిగించి, క్రాంకును పానాతో మెల్లగా తిప్పుతూ ఆ పిన్నుకు ఆనేదాకా తెచ్చాను. రెండో పిన్ను క్యామ్ పుల్లీ రంధ్రంలో నుంచి హెడ్డులోకి సులువుగా దిగింది. క్రాంకు బోల్టు విప్పడానికి బ్లాకులో పెట్టిన ఆ మొదటి పిన్నునే అడ్డుగా వాడేవాళ్ళు ఉన్నారు. పిన్ను కాస్త వంగినా ఆ తరువాత దాన్ని నమ్మి పెట్టే టైమింగ్ అంతా తప్పే కదా, బోల్టు కోసం క్రాంకును మరోలా ఆపుకోవాలి.

వాటర్ పంపును కూడా ఈ బెల్టే తిప్పుతుంది గనుక దాన్నీ, బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్‌నూ కొత్తవి వేశాను. బెల్టు ఎక్కించేటప్పుడు వదులు అంతా టెన్షనర్ వైపే మిగలాలి, మిగతా భాగమంతా బిగువుగా ఉండాలి. టెన్షనర్ ముల్లును దాని గుర్తుకు తెచ్చి బిగించాక పిన్నులు రెండూ తీసేసి, క్రాంకును రెండు చుట్లు చేత్తోనే తిప్పాను. క్రాంకు రెండు చుట్లు తిరిగితేనే క్యామ్ ఒక చుట్టు పూర్తి చేస్తుంది, అప్పుడే ప్రతి వాల్వూ ఒకసారి తెరుచుకుని మూసుకుంటుంది. కుర్రాడి చేతికి పానా ఇచ్చి తేడా గమనించమన్నాను: కంప్రెషన్ పట్టు క్షణం బిగిసి మెల్లగా వదులుతుంది, వాల్వు తగిలితే మాత్రం టక్కున ఆగుతుంది, అక్కడ బలం పెట్టకూడదు. పిన్నులు మళ్ళీ పెట్టి చూస్తే క్యామ్ పిన్ను ఏ ఒత్తిడీ లేకుండా దిగింది, టెన్షనర్ ముల్లు కూడా కదలలేదు.

పాత మెకానికల్ డీజిల్ పంపు ఇంజిన్లలో ఇక్కడితో పని అయ్యేది కాదు. అక్కడ డీజిల్ ఎప్పుడు చిమ్మాలో పంపు నిలబడిన కోణమే తేల్చేది కనుక, సన్నటి కదలికను కొలిచే డయల్ గేజి పెట్టి పంపు ఒంటినే అటూ ఇటూ జరిపేవాళ్ళం. ముందుకు జరిగితే ఇంజిన్ గట్టిగా కొట్టేది, వెనక్కి జరిగితే పొగ వచ్చి లాగుడు తగ్గేది. ఈ డస్టర్‌లాంటి కామన్ రైలు ఇంజిన్‌లో, అంటే ఒకే గొట్టంలో ఒత్తిడితో ఉండే డీజిల్ అన్ని సిలిండర్లకూ అందేదానిలో, పంపు పని ప్రెషర్ ఇవ్వడమే, చిమ్మే సమయం సెన్సార్లను చూసి కంప్యూటర్ నిర్ణయిస్తుంది. నా మటుకు నాకు ఆ పాత పనిలోనే చెవికి, చేతికి ఎక్కువ తృప్తి ఉండేది, కానీ రద్దీ రోజున ఈ పద్ధతే నయమని ఒప్పుకోవాలి.

సాయంత్రం కూలెంట్ పోసి, గాలి తీసి స్టార్ట్ చేస్తే మొదటి తిప్పుకే అందుకుంది. బెల్టు మార్చిన తేదీ, కిలోమీటర్ల రీడింగు కాగితం మీద రాసి బానెట్ లోపల అంటించి, పాత బెల్టును మళ్ళీ ఎవరూ వాడకుండా రెండు ముక్కలు చేసి పారేయమన్నాను.