రెండు దేశాల బడులు, ఒక నీడ కొలత: నా అనుభవం

విదేశీ పాఠశాలతో భాగస్వామ్యం అనగానే చాలామందికి ఒప్పందపత్రం మీద సంతకాలు, వేదిక మీద రెండు జెండాలు, వీడియో కాల్‌లో పిల్లల పలకరింపులు గుర్తుకు వస్తాయి. మా పాఠశాల తరఫున ఈ పనిని మొదటి ఉత్తరం నుంచి పిల్లల ప్రయాణం వరకు చూసుకున్న ఉపాధ్యాయురాలిగా నేను గట్టిగా నమ్మేది ఒకటుంది: అవతలి బడి పిల్లలు తమ వంతు పని చేయకపోతే మన పిల్లల పని పూర్తి కాని పరిస్థితి ఉన్నప్పుడే భాగస్వామ్యం నిలబడుతుంది. పరిచయాలు, పండుగ శుభాకాంక్షలు ఒకటి రెండు కాల్స్‌లో అయిపోతాయి. ఆ తరువాత మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.

అందుకే బడిని వెతకడానికి ముందే ప్రాజెక్టును నిర్ణయించుకున్నాం. యునెస్కో 1953లో ప్రారంభించిన అనుబంధ పాఠశాలల నెట్‌వర్క్‌లో చేరాలంటే ఆయా దేశాల జాతీయ కమిషన్ ద్వారా వెళ్లాలి. పైగా అది బడి మొత్తం కట్టుబడవలసిన సభ్యత్వం గనుక ఒక్క తరగతి చేసే పనికి అంత పెద్ద ఏర్పాటు అక్కరలేదనిపించింది. 2005లో యూరోపియన్ కమిషన్ మొదలుపెట్టిన, బడులను ఆన్‌లైన్‌లో కలిపే ఈట్విన్నింగ్ వేదిక ప్రధానంగా ఐరోపా దేశాలకు, వాటి చుట్టుపక్కల కొన్ని దేశాలకు ఉద్దేశించినది. 1988లో న్యూయార్క్ రాష్ట్రంలోని, మాస్కోలోని బడులను కలుపుతూ మొదలైన ఐఎర్న్ అనే అంతర్జాతీయ బడుల నెట్‌వర్క్‌లో తరగతులు ప్రాజెక్టుల చుట్టూ కలుస్తాయి. ఆ పద్ధతి నాకు బాగా నచ్చింది. చివరకు యూరోపియన్ యూనియన్‌లోని ఒక బడి మాకు దొరికింది తోటి ఉపాధ్యాయుల పరిచయం ద్వారానే అయినా, పని ముందు, బడి తరువాత అన్న ఆ వరుసను మేము వదల్లేదు.

మేము ఎంచుకున్న పని భూమి చుట్టుకొలతను లెక్కించడం. క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దిలో గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలోనూ, నేటి అస్వాన్ అయిన సైనీలోనూ సూర్యకిరణాల కోణాల మధ్య తేడాను 7.2 డిగ్రీలుగా, అంటే వృత్తంలో 50వ వంతుగా గుర్తించి, ఆ రెండు ఊళ్ల మధ్య దూరాన్ని 50తో గుణించి ఈ లెక్క కట్టాడు. ఒకే చోట ఉన్నవారు నీడను ఎన్నిసార్లు కొలిచినా ఈ పద్ధతిలో సమాధానం రాదు; ఉత్తర దక్షిణాలుగా దూరంగా ఉన్న ఇంకొకరి కొలత తప్పనిసరి. పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే మార్చి నెల విషువత్తు నాడు రెండు బడుల పిల్లలూ మీటరు పొడవున్న కర్రను నిలిపి, దారానికి గుండు కట్టి అది నిటారుగా ఉందో లేదో చూసుకుని, నేల మీద పరిచిన తెల్లకాగితంపై నీడ కొసను గుర్తించారు.

అసలు చర్చ అక్కడే మొదలైంది. అవతలి పిల్లలు గడియారంలో పన్నెండు గంటలకు కొలుద్దామన్నారు. సూర్యుడు అన్నిటికంటే ఎత్తున ఉండే క్షణం ఒక్కో ఊరి రేఖాంశాన్ని బట్టి, ఏడాదిలో ఆ రోజును బట్టి మారుతుందని, గడియారం దానిని చెప్పదని మా తరగతిలో ఒక అమ్మాయి లెక్క గీసి పంపింది. చివరకు పన్నెండుకు ముందు నుంచే అయిదేసి నిమిషాలకు ఒక గుర్తు పెట్టాలని, వాటిలో అతి పొట్టి నీడనే తీసుకోవాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. దూరం దగ్గర మరో చిక్కు వచ్చింది: రెండు ఊళ్ల మధ్య మ్యాప్ చూపే దూరం కాకుండా, వాటి అక్షాంశాల మధ్య ఉత్తర దక్షిణ దూరాన్నే వాడాలని ఈసారి అవతలి పిల్లలు మా వాళ్లకు వివరించారు. ధ్రువాల మీదుగా భూమి చుట్టుకొలత సుమారు 40,008 కిలోమీటర్లు. పిల్లల సమాధానం దానికి కొన్ని వందల కిలోమీటర్ల తేడాతో వచ్చింది. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందన్న వాదన వారాల తరబడి సాగింది. నా దృష్టిలో భాగస్వామ్యం మొదలైంది అప్పుడే.

కాగితాల పనికి ఓర్పు కావాలి. 2018 నుంచి అమల్లో ఉన్న ఐరోపా వ్యక్తిగత సమాచార రక్షణ నిబంధనల దృష్ట్యా, పిల్లల ఫొటో ఒక్కటి పంచుకోవాలన్నా తల్లిదండ్రుల లిఖితపూర్వక సమ్మతి ఉండాలని వారు ముందే స్పష్టం చేశారు. అది సరైన జాగ్రత్త అని నా అభిప్రాయం. మేమూ అదే పత్రాన్ని మా తల్లిదండ్రులకు ఇచ్చాం. మార్చి చివరి ఆదివారం వారి గడియారాలు ఒక గంట ముందుకు జరుగుతాయి కాబట్టి ఆ తరువాతి కాల్స్ వేళలను ముందుగానే మార్చి రాసుకున్నాం.

పిల్లల ప్రయాణం మాట వచ్చేసరికి బాధ్యత పూర్తిగా మారిపోతుంది. ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, మామూలుగా పదిహేను రోజుల ముందుకల్లా ఇచ్చి తీరాలి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా, తిరిగి వచ్చే తేదీ తరువాత కనీసం మూడు నెలలు చెల్లే పాస్‌పోర్టు ఉండాలి. మైనర్లు గనుక తల్లిదండ్రుల సమ్మతిపత్రాలకు నోటరీ చేయించాం. వీటన్నిటికంటే నేను ఎక్కువ సమయం పెట్టింది ఆతిథ్య కుటుంబాల విషయంలో. ఏ బిడ్డ ఏ ఇంట్లో ఉంటుంది, ఆ ఇంట్లో ఎవరెవరు ఉంటారు, బిడ్డకు పడని ఆహారం, వేసుకునే మందులు, రాత్రివేళ ఏదైనా అవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి రాతపూర్వకంగా రెండు వైపులా ఉండేదాకా, ప్రతి తల్లీ తండ్రీ ఆ కుటుంబంతో ఒకసారి వీడియోలో మాట్లాడేదాకా టికెట్లు కొనడానికి నేను ఒప్పుకోలేదు. మా ప్రధానోపాధ్యాయురాలు ఈ విషయంలో నాకు పూర్తిగా అండగా నిలిచారు.

అక్కడికి వెళ్లిన పిల్లలు మొదటిరోజే ఆ బడి ఆవరణలో తమ కర్రను నిలిపి, అవతలి పిల్లలతో కలిసి నీడను మళ్లీ కొలిచారు. వచ్చే విద్యాసంవత్సరం వారు మా బడికి వస్తారు. ఆలోగా సెప్టెంబరు విషువత్తు నాటి కొలతలను రెండు బడులూ పంచుకోవాలని, కొలిచే బాధ్యతను కింది తరగతి పిల్లలకు అప్పగించాలని ఇద్దరం నిర్ణయించుకున్నాం.