మోరోసి కొండ నమూనా: గోడ మళ్లీ ఉబ్బింది

మళ్లీ అదే గోడ! మూడు వైపుల నిట్టనిలువు చరియలు కుదిరాయి, పైన చదును కుదిరింది, కామ్లిన్ ఆక్రిలిక్‌తో రాతి రంగు చక్కగా వచ్చింది. నాలుగో వైపు ఏటవాలు మీది రాతిగోడే లొంగడం లేదు. ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగంలోని లెసోతో దేశంలో, దాని దక్షిణాన, ఆరెంజ్ నది పక్కనున్న ఈ కొండ మీద ఫూతి తెగ నాయకుడు మోరోసి 1879లో బ్రిటిష్ వలస అయిన కేప్ కాలనీ సైన్యాన్ని నెలల తరబడి ఆపింది ఆ గోడల అండతోనే.

1:72 కొలతలో గోడ ఎత్తు 25 మి.మీ., వాలు 30 డిగ్రీలు. 3 మి.మీ. నల్లరాతి ముక్కలు పేర్చి, తుపాకీ పెట్టే కంతలు 3 మి.మీ. వదిలాను. 15 మి.మీ. ఎత్తు దాకా నిక్కచ్చిగా నిలుస్తుంది. ఆపైన రెండు వరుసలు పడగానే మధ్యభాగం పల్లం వైపు పొట్ట పెడుతుంది. తెల్లారి కొలిస్తే 3 మి.మీ. ముందుకు! కంత సగానికి సగం మూసుకుపోయి, దాని మీది అడ్డరాయి ఒరుగుతోంది.

జిగురు ఆరుతూ లాగుతోందేమో అనుకుని ఫెవికాల్‌లో నీళ్లు తగ్గించాను, తేడా లేదు. వానాకాలపు తేమేమో అని సిలికా జెల్ పెట్టిన డబ్బాలో ఆరబెడితే ఉబ్బు 2 మి.మీ.కి దిగింది. కొండ ఫోమ్‌లో 4 మి.మీ. లోతు మెట్లు కోసి, అడుగు వరుసను కొండలోకి కాస్త వాల్చి కూర్చోబెడితే 1 మి.మీ.కి వచ్చింది. అసలు కిటుకు ఇక్కడే ఉంది. మిగిలిన ఆ ఒక్కటీ రాళ్లన్నీ ఒకే సైజు కావడం వల్లే అని నా అనుమానం. గోడ మందమంతా పట్టే పొడుగు రాళ్లు మధ్యమధ్య ఉండాలి.

అచ్చులో పోసిన ప్లాస్టర్ గోడ అతికిస్తే సరిపోతుంది కదా అంటారు. నాకు నచ్చదు, కంతలన్నీ ఒకేలా వస్తాయి. ఈ ముట్టడిలో దాడి చేసినవారికి మూడు విక్టోరియా క్రాస్‌లు (బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకాలు) దక్కాయి కాబట్టి కథను కింది నుంచే చెబుతుంటారు. నా నమూనాలో చూసేవారు గోడ వెనుక, ఫూతి వీరుల పక్కన నిలబడి కంతలోంచి వాలును చూడాలి. గుర్రాల దొంగతనం కేసులో జైలు నుంచి తప్పించుకున్న కొడుకు డోడాను అప్పగించనన్న తండ్రి, మేజిస్ట్రేటు పెత్తనానికి తలవంచని నాయకుడు ఏం చూశాడో కనబడాలి. కంత మూసుకుపోతే ఇంకేం కనబడుతుంది?

తర్వాత చరియ వైపు పని. నవంబర్ 20న సైనికులు నిచ్చెనలతో ఎక్కింది అటు నుంచే. మోరోసి ఆ రోజే చనిపోయాడు. ఆయన తల నరికిన ఘట్టం మాత్రం పెట్టను. నిచ్చెనలకు 0.8 మి.మీ. ఇత్తడి తీగ తెచ్చాను. ముందు 6 మి.మీ. పొడుగు రాళ్లు ఏరి, ఒక చిన్న ముక్క గోడ కట్టి చూడాలి.