నా నిద్రలేమికి వేలం

నిద్ర పట్టించే యాప్ ప్రకటన మళ్లీ వచ్చింది. ఈసారి దాటేయకుండా, అది నాకే ఎందుకు కనిపిస్తోందో చెప్పే చోట నొక్కాను. నా వయసు, నా భాష, వాటి కింద నిద్రపై నా ఆసక్తి!

ఇంట్లోవాళ్లకు కూడా చెప్పని సంగతి అది.

ఈ ప్రకటనలు చూపే కంపెనీలవాళ్లు మన వివరాలు అమ్మడం లేదంటారు. కావచ్చు. కానీ మన చూపును అమ్ముతున్నారు. పేజీ తెరుచుకునే రెప్పపాటులోనే ప్రకటనదారుల మధ్య వేలం ముగిసిపోతుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటా ఒక్కటే 2023లో ఇలా ప్రకటనల మీద 13,000 కోట్ల డాలర్లకు పైగా సంపాదించింది. దాని రాబడి దాదాపు అంతా అదే.

సంపాదించుకోనివ్వండి. కానీ మనిషి బలహీనతను పసిగట్టి, సరిగ్గా ఆ వేళకే ఎదురుగా తెచ్చి పెడుతుంటే ఒళ్లు మండుతోంది. సెట్టింగుల్లో ఆ ఆసక్తిని తీసేశాను. మీ జాబితాలో ఏం రాసుకున్నారో మీరూ చూడండి.