మీ ఊళ్ళో మాలాంటివాళ్ళు లేరా?

2020 ఏప్రిల్ మొదటి వారం. న్యూయార్క్ జాక్సన్ హైట్స్‌లో మేం నలుగురం ఉండే బేస్‌మెంట్‌లో ముగ్గురికి జ్వరం. దగ్గర్లోని ఎల్మ్‌హర్స్ట్ ఆసుపత్రిలో ఒక్క రోజులోనే 13 మంది పోయారని విన్నప్పటి నుంచి అంబులెన్స్ మోత వినబడితే చాలు, గుండె దడ. నేను పనిచేసే 74వ వీధి కిరాణా మూతపడింది. చేతిలో డబ్బుల్లేవు, వండుకునే ఓపిక లేదు. ఓ సాయంత్రం తలుపు చప్పుడైంది. తీసి చూస్తే మెట్ల మీద ఒక సంచి. బియ్యం, డజను గుడ్లు, నిమ్మకాయలు, జ్వరం మాత్రల (టైలెనాల్) డబ్బా. పై మెట్టు మీద మాస్కుతో ఆమె.

మా షాపుకు కొత్తిమీర, పచ్చిమిర్చి కోసం వచ్చే మెక్సికో మనిషి. ట్రాన్స్ మహిళ. ఏడాదిన్నరగా చూస్తున్నా, చిల్లర ఒక్కసారి కూడా ఆమె చేతిలో పెట్టలేదు. కౌంటర్ మీద పెట్టి జరిపేవాణ్ణి. మా ఓనర్‌ను అడిగి అడ్రస్ తెలుసుకుని వచ్చిందట.

ఇవన్నీ ఎవరిస్తున్నారని అడిగాను. "మేమే" అంది. లొరేనా బోర్హాస్ పేరు చెప్పింది. ఏళ్ళ తరబడి రూజ్‌వెల్ట్ అవెన్యూలో తిరిగి కండోమ్‌లు పంచిన మనిషి, అరెస్టయిన ట్రాన్స్ వాళ్ళకు బెయిల్ కట్టించిన మనిషి. పని పోయిన తనవాళ్ళ కోసం చందాలు పోగుచేస్తూ ఉండగానే, మార్చి 30న కరోనాతో చనిపోయింది. "ఆమె నేర్పిందే చేస్తున్నాం" అని, వెళ్ళబోతూ మామూలుగా అడిగింది. "మీ ఊళ్ళో మాలాంటివాళ్ళు లేరా? ఇప్పుడు వాళ్ళకెవరు పెడుతున్నారు?"

"ఉన్నారు. మేం వాళ్ళ కాళ్ళు మొక్కుతాం" అన్నాను టక్కున.

అబద్ధం కాదు. వరంగల్‌లో మా బట్టల దుకాణం తెరిచిన రోజు వచ్చి దీవించిన హిజ్రా అమ్మ తిరిగిచ్చిన రూపాయి బిళ్ళ, పసుపు గుడ్డలో కట్టి ఇప్పటికీ గల్లాపెట్టెలో ఉంది. ఊదుబత్తి తిప్పనిదే నాన్న బోణీ చేయడు. ఆ ఫిబ్రవరిలోనే మా అమ్మ మేడారం జాతరకు పోయి, దేవత పూనే శివసత్తులతో కలిసి ఆడుతున్న హిజ్రాల కాళ్ళకు నీళ్ళు పోసి మొక్కింది. ఇక్కడ ఈమెకు ఎవరు మొక్కుతారు? ఈమెను చూసి కారులోంచి అరిచినవాళ్ళను నేనే చూశాను. మా దగ్గరైతే గురువు ఉంటుంది, జ్వరమొస్తే చేలాకు, అంటే శిష్యురాలికి, గురువే అమ్మ. రాత్రంతా పడుకుని ఇవే లెక్కలు వేసుకున్నాను. ఎన్ని వేసినా, ఆమె అడిగిన రెండో మాటకు జవాబు దొరకలేదు.

పొద్దున ఇంటికి ఫోన్ చేశాను. "వాళ్ళు కనబడ్తలేరురా. రైళ్ళు లేవాయె, దుకాణాలు లేవాయె, ఏడికెళ్ళి వస్తరు?" అంది అమ్మ. రూమ్మేట్ దగ్గర 200 డాలర్లు అప్పు తీసుకుని తమ్ముడికి పంపాను. కాజీపేటలో రెండు రూముల్లో పదకొండు మంది హిజ్రాలు ఉన్నారట. తెల్లకార్డు ఉన్న ఇళ్ళకు సర్కారు మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు ఇచ్చింది. వీళ్ళలో ఒక్కరికీ కార్డు లేదు. కార్డుకు అడ్రస్ కావాలి, అడ్రస్‌కు ఇల్లు కావాలి. హైదరాబాద్‌లో వీళ్ళ పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించాలని, ఆడబట్టల్లో బయట కనిపిస్తే వారెంటు లేకుండా పట్టుకోవచ్చని 1919లో నిజాం చట్టం చేశాడు. హైకోర్టు దాన్ని 2023లో గానీ కొట్టేయలేదు. పట్టుకోవడానికి రాసుకున్న పేర్లు బియ్యానికి మాత్రం ఎక్కలేదు. ఇక్కడా అంతే, ఆమెకు కాగితాలు లేవు కాబట్టి ప్రభుత్వం ఇచ్చిన 1,200 డాలర్లు ఆమె దాకా రాలేదు.

తమ్ముడు రెండు బస్తాల బియ్యం దించాడు. గురువు పెద్దావిడ వాడికి దూరం నుంచే దండం పెట్టి అన్నదట, "బియ్యం సరే బిడ్డా. ఓనర్ ఖాళీ చెయ్యమంటుండు, మాతోని రోగం వస్తదంటుండు. మీ దుకాణం మీద రెండు రూములు ఖాళీగున్నయి గదా. కిరాయి ఇస్తం."

నాన్నను అడిగాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. "ఇంకో రెండు బస్తాలు పంపిస్త. ఇల్లంటే... నలుగురు ఏమంటరురా?" నాన్న చెడ్డవాడు కాదు. ఆ రూపాయికి రోజూ దండం పెట్టే మనిషి. ఆ పై రూములు కట్టిన అప్పు తీరుస్తున్నది నేనే. ఆ ఒక్క మాట అంటే ఒప్పుకునేవాడేమో. అనలేదు. వాళ్ళు మా ఇంట్లో ఉంటే నా చెల్లెలికి సంబంధాలు వస్తాయా అన్న టెన్షన్ నాకూ ఉంది. మే నెలలో ఆ రూములు ఒక బ్యాంకు ఉద్యోగికి ఇచ్చారు.

జూన్‌లో మా షాపు తెరిచాక ఆమె వచ్చింది. చిల్లర చేతిలో పెట్టాను. మీ ఊళ్ళో వాళ్ళు ఎలా ఉన్నారని అడిగింది.

"బియ్యం పంపాం. ఇల్లు ఇవ్వలేదు" అన్నాను.

ఆమె నా వంక కాసేపు చూసి, కొత్తిమీర కట్ట మీది నీళ్ళు దులిపి సంచిలో పెట్టుకుంది.