అన్న దాటేదాకా

2024 డిసెంబర్ 29, ఆదివారం

పొద్దున్నే ఫోన్ మొండికేసింది. జాగా లేదట, ఇంకొక్క ఫోటో కూడా పట్టదట. సరే, కాఫీ తాగుతూ ఒక్కొక్కటీ తీసేద్దామని కూర్చున్నాను. తీరా చూస్తే ఫోన్‌ని మింగేసింది మా పిల్లల ఫోటోలు కాదు, మా కాలనీ వాట్సాప్ గ్రూపు. ఏడాది పొడుగునా ఎవరో ఒకరు పెట్టిన డోర్‌బెల్ కెమెరా వీడియోలన్నీ వాటంతటవే వచ్చి పడున్నాయి. రాత్రి రెండింటికి వరసగా కార్ల తలుపులు లాగి చూసుకుంటూ పోయే టోపీ కుర్రాళ్ళు. గుమ్మంలో పార్సిల్ చంకన పెట్టుకుని పోయే ఆవిడ. ఒకదాంట్లో ఎవరి పెరటి గోడ మీదో తీరిగ్గా కూర్చున్న బాబ్‌క్యాట్ అనే అడవిపిల్లి, దాని కింద "పిల్లల్ని బయటికి పంపకండి" అని పదిహేడు మెసేజీలు.

మాది టెక్సస్‌లో ఫ్రిస్కో. ఊరు కొంత డెంటన్ కౌంటీలో, కొంత కాలిన్ కౌంటీలో ఉంటుంది. మా ఇల్లు కాలిన్ వైపు. జులైలో అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు కౌంటీ అంటే ఏంటని అడిగితే, "మన జిల్లా అనుకో, మెకిన్నీ జిల్లా కేంద్రం" అన్నాను. "మరి కలెక్టరు ఎవరు?" అంది. ఆ పోస్టుకి కాస్త దగ్గరగా ఉండేది కౌంటీ జడ్జి. పేరుకే జడ్జి, చేసేది పరిపాలన. ఈ మాట చెప్పాక ఆవిడకి ఈ దేశం మీద ఉన్న కాస్త నమ్మకమూ పోయింది.

ఇవాళ ఇంట్లో గొడవ వేరే. మా అక్క కొడుక్కి పక్క రాష్ట్రం ఆర్కాన్సాలో, బెంటన్‌విల్ అనే ఊళ్ళో ఉద్యోగం. క్రిస్మస్ సెలవులకి మా ఇంటికొచ్చాడు, రేపు ఆఫీసు. "రేపు రెండింటికి కార్‌పూల్ కుదిరింది పిన్నీ" అని నిన్న రాత్రి చెప్పాడు. నాకే చెప్పాడు గానీ వంటింట్లో ఉన్న అమ్మ చెవిన పడింది. అప్పట్నుంచీ ఆవిడ వాడితో మాట్లాడటం మానేసి నాతో మాట్లాడుతోంది, వాడికి వినపడేలా. బస్సు లేదా, రైలు లేదా. ఇక్కడ్నుంచి అక్కడికి రైలు లేదు అమ్మమ్మా అంటాడు వాడు. విమానం టికెట్ మూడొందలు, కార్‌పూల్ నలభై డాలర్లు. ఈ లెక్క కూడా వాడు నాకే చెప్పాడు, ఆవిడకి వినపడేలా.

అమ్మ భయం ఊరికే పుట్టింది కాదు. ఆగస్టు 30, శుక్రవారం, లేబర్ డే సెలవులు మొదలయ్యే మధ్యాహ్నం, 75 హైవే మీద మా కౌంటీ ఉత్తరపు కొసన అన్నా అనే ఊరి దగ్గర ఐదు బండ్లు గుద్దుకున్నాయి. వెనకనుంచి వచ్చిన ట్రక్కు గుద్దడంతో ఒక ఎస్‌యూవీ అంటుకుంది. అందులో ఉన్న నలుగురూ పోయారు. ముగ్గురు మనవైపు అబ్బాయిలు, ఒకమ్మాయిది తమిళనాడు. కార్‌పూలింగ్ యాప్‌లో కలిసి బెంటన్‌విల్ బయల్దేరినవాళ్ళు. ఎవరెవరో తేల్చడానికి డీఎన్‌ఏ పరీక్షలు అవసరమయ్యాయి. మా ఇంటికి పాతిక మైళ్ళ దూరంలో జరిగిన ఈ సంగతి నాకు చెప్పింది అమ్మ, ఆవిడకి చెప్పింది యూట్యూబ్‌లో తెలుగు న్యూస్ ఛానెల్. ఆ ఊరి పేరుని ఇక్కడివాళ్ళు ఎలా పలికినా అమ్మకి అది "అన్న". అన్న దగ్గర యాక్సిడెంట్ అయిందట, అన్న దాటలేదట పాపం, అనేది. మొదట్లో ఎవరి అన్నా అని కంగారుపడ్డాను.

వెనక్కి జరుపుకుంటూ ఆ వారం దగ్గరికి వచ్చి చూశాను. మా గ్రూపులో దాని గురించి వీడియో లేదు. రెండు వార్తల లింకులు, ఒక చందాల లింకు, అంతే. హైవేకి డోర్‌బెల్ ఉండదు కదా. అక్టోబర్‌లో ఒకసారి అటు వెళ్ళినప్పుడు రోడ్డు మీద ఏదైనా గుర్తు ఉంటుందేమోనని చూశాను. ఏమీ కనపడలేదు. కొత్త ఇళ్ళ హోర్డింగులు, ట్రక్కులు, అంతే వేగం.

జులైలో నేను దాచుకున్న స్క్రీన్‌షాట్ ఒకటుంది. అది ప్రిన్స్‌టన్‌ది. న్యూజెర్సీలో యూనివర్సిటీ ఉన్నది కాదు, మెకిన్నీకి తూర్పున 380 రోడ్డు మీద పుట్టగొడుగుల్లా ఇళ్ళు లేస్తున్న ఊరు. నీళ్ళు, రోడ్లు చాలక సెప్టెంబర్‌లో అక్కడి కౌన్సిల్ కొత్త ఇళ్ళకి అనుమతులే 120 రోజులు ఆపేసింది. ఆ ఊళ్ళో ఒక ఇంట్లో నల్లులు పట్టాయని మార్చిలో మందు కొట్టే అతన్ని పిలిచారు. వచ్చి చూస్తే ఒక్కో గదిలో ముగ్గురు నుంచి ఐదుగురు ఆడపిల్లలు నేల మీద పడుకుని ఉన్నారు, చుట్టూ సూట్‌కేసులు. విషయం పోలీసులకి చేరింది. లెక్క తేలింది పదిహేను మంది. ఇంట్లో కంప్యూటర్లు, మడతబల్లలు, దుప్పట్లు తప్ప సామానంటూ ఏమీ లేదు. డొల్ల కంపెనీల కోసం వాళ్ళచేత బలవంతంగా పని చేయించారని పోలీసుల ఆరోపణ. నలుగుర్ని అరెస్టు చేసిన సంగతి జులైలో బయటికొచ్చింది. నాలుగూ మన పేర్లే. కేసు తేల్చాల్సింది కోర్టు, నేను కాదు.

కానీ ఆ వార్త చదివాక రెండు రోజులు నాకు మనసు మనసులో లేదు. 2008లో నేను ఈ దేశంలో దిగినప్పుడు నన్ను తీసుకొచ్చిన కన్సల్టెన్సీ వాళ్ళు ఒక గెస్ట్ హౌస్‌లో పెట్టారు. గెస్ట్ హౌస్ అంటే పేరు గొప్ప. రెండు గదుల్లో ఆరుగురం, నేల మీద కంఫర్టర్లనే మందపాటి బొంతలు, ఒకటే కుక్కర్. ప్రాజెక్ట్ వచ్చినవాళ్ళు వెళ్ళిపోతుంటే వాళ్ళ కంఫర్టర్ కోసం మిగిలినవాళ్ళం పోటీపడేవాళ్ళం. మమ్మల్ని ఎవరూ బలవంతపెట్టలేదు, తలుపు తాళం మా చేతిలోనే ఉండేది, ఆ తేడా చిన్నదేం కాదు. అయినా ఇవాళ్టికీ అవన్నీ నవ్వుకుంటూ చెప్పుకుంటాం. పదిహేను మంది ఆడపిల్లలు ఒక ఇంట్లో నేల మీద పడుకున్నారంటే మాలో ఎవరం చూసినా "పాపం, ఇంకా ప్రాజెక్ట్ రాలేదేమో" అనుకుని ఉండేవాళ్ళం. అది తేడాగా కనిపించడానికి నల్లుల మందు కొట్టే అతను రావాల్సొచ్చింది. ఇంత ఆలోచించి నేను గ్రూపులో ఏమైనా రాశానా అంటే, లేదు. ఆ వార్త కింద మూడు దణ్ణం ఎమోజీలు, వాటి కింద శనివారం పూతరేకులకి ఆర్డర్లు. అందులో నావి రెండు డబ్బాలు.

మే నెల వీడియోలన్నీ గాలివానవి. 25 రాత్రి టోర్నడో సెలీనా అనే ఊరి వైపు వచ్చింది. పక్కనున్న కుక్ కౌంటీలో ఏడుగురు పోయారు. 28 పొద్దున గాలికి డాలస్ చుట్టుపక్కల ఆరు లక్షల పైచిలుకు కనెక్షన్లకి కరెంటు లేదు. నాకు గుర్తున్నది మాత్రం ఫ్రిజ్‌లో పులిసిపోయిన ఇడ్లీ పిండి.

నవంబర్ వీడియో ఒకటి చూసి మళ్ళీ నవ్వొచ్చింది. "అనుమానాస్పద వ్యక్తి, తలుపు తీయడానికి రెండుసార్లు ప్రయత్నించాడు, అందరూ జాగ్రత్త" అని పెట్టింది మా వెనక వీధి ఆవిడ. సాయంత్రం ఆరు, చీకటి పడింది. మంకీ క్యాప్, స్వెటర్, తెల్లటి కొత్త బూట్లు. మనిషి తలుపు పిడి తిప్పుతాడు, రాదు. వెనక్కి వచ్చి ఇంటి వంక చూస్తాడు. మళ్ళీ తిప్పుతాడు. గ్రూపు అట్టుడికిపోయింది. పండగ రోజులు, ఇళ్ళల్లో బంగారం. మనవాళ్ళ ఇళ్ళని ఏరి ఏరి దోచే ముఠాలున్నాయని, ఆసియా కుటుంబాల ఇళ్ళ జాబితాలు రాసి మరీ దొంగతనాలు చేయించిన హ్యూస్టన్ ఆవిడకి 2019లో 37 ఏళ్ళ శిక్ష పడిందని ఎవరో లింకు పెట్టారు. అది నిజమే, తీసిపారేసే భయం కాదు. మా ఆయన లేచి వెళ్ళి గరాజ్ తలుపు వేసుందో లేదో చూసొచ్చాడు.

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఫోన్ లాక్కుంది. "ఈయన మన నెల్లూరు అన్నయ్యగారు కదే! రోజూ నాతోపాటు చెరువు చుట్టూ నడుస్తారు. వాళ్ళబ్బాయి ఇల్లనుకున్నారు. మీ ఇళ్ళన్నీ ఒకటే అచ్చు, ఆయనేం చేస్తారు!" మళ్ళీ చూశాను. నిజమే, రెండోసారి తలుపు రానప్పుడు ఆయన చేత్తో మంకీ క్యాప్ పైకి జరిపి గోడ మీద నంబర్ చదవడానికి ప్రయత్నిస్తున్నారు. పెదాలు కదులుతున్నాయి. అంకెలు చదువుకుంటున్నారో, ఏ దేవుణ్ణి తలుచుకుంటున్నారో. నేను గ్రూపులో సంగతి రాస్తే వెనక వీధి ఆవిడ సారీ చెప్పింది, వీడియో మాత్రం తీయలేదు. మర్నాటి నుంచి ఆయన నడకకి రావడం మానేశారు. వాళ్ళబ్బాయికి ఎవరో చూపించి ఉంటారు. అమ్మ మాత్రం అడ్రస్ రాసిన కాగితం స్వెటర్ జేబులో పెట్టుకుని ఒక్కతే వెళ్ళొస్తోంది.

ఇలా చూసుకుంటూ కూర్చుంటే పన్నెండయింది. తీసేసింది లేదు.

ఒంటిగంటన్నరకి బయల్దేరాం. అమ్మ కూడా వస్తానంది. కారెక్కినవాళ్ళని చూడాలట. అలెన్‌లో స్టేసీ రోడ్డు, 75 కలిసేచోట గ్యాస్ స్టేషన్ దగ్గర ఎక్కించుకుంటామన్నారు. దారిలో అవుట్‌లెట్ మాల్ పక్కనుంచే వెళ్ళాలి. క్రిస్మస్ తర్వాతి సేల్, కారు పెట్టడానికి చోటు లేదు, జనం సంచులతో పరుగులు. 2023 మే 6న ఇక్కడే ఒకడు తుపాకీతో ఎనిమిది మందిని చంపాడు. వాళ్ళలో ఒకమ్మాయి హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు. వేరే పని మీద అక్కడే ఉన్న ఒక పోలీసాయన వాణ్ణి కాల్చకపోతే ఇంకెంతమందో. ఆ నెలాఖరుకి మాల్ మళ్ళీ తెరిచారు. నేనూ వెళ్తున్నాను, సూట్‌కేసు కూడా కొన్నాను. అమ్మకి ఈ సంగతి తెలియదు. జనాన్ని చూసి "మనమూ ఓసారి వద్దామే" అంది. ఊఁ అన్నాను.

మాట మళ్ళించడానికి చర్చి తగాదా చెప్పాను. ఇదే రోడ్డు మీద 75 దాటి ముందుకెళ్తే ఫెయిర్‌వ్యూ. అక్కడ మార్మన్‌లనే క్రైస్తవ శాఖవాళ్ళ గుడి శిఖరం 174 అడుగులు ఉంటుందంటే ఊరివాళ్ళు ఒప్పుకోలేదు, ఆగస్టులో కౌన్సిల్ కాదంది, నవంబర్‌లో మధ్యవర్తిని పెట్టుకుని 120కి దిగారు. "మంగళగిరి గాలిగోపురం 153 అడుగులు. కట్టి రెండొందల ఏళ్ళయింది, ఎవరికేం నష్టమొచ్చింది?" అంది అమ్మ. ఆ తర్వాత మొదటిసారి వెనక్కి తిరిగి వాడితో, "సీటు బెల్టు పెట్టుకో" అంది.

కారు నడిపే అబ్బాయికి పాతికేళ్ళుంటాయేమో. ఖమ్మం అట. అమ్మ కిటికీ దగ్గరికి వెళ్ళి "రాత్రి నిద్రపోయావా బాబూ?" అని అడిగింది. ఏడుగంటలు పడుకున్నానండీ అన్నాడు చాలా మర్యాదగా. నేను నంబర్ ప్లేట్ ఫోటో తీయబోయాను. జాగా లేదు. అక్కడే నిలబడి బాబ్‌క్యాట్‌ని తీసేశాను, టోపీ కుర్రాళ్ళని తీసేశాను. నెల్లూరాయన దగ్గర ఒక్క క్షణం ఆగి ఆయన్నీ తీసేశాను. "తీసుకోండి ఆంటీ, పర్లేదు, అందరూ తీసుకుంటారు" అన్నాడు ఆ అబ్బాయి, ప్లేట్ కనపడేలా పక్కకి జరుగుతూ.

ఇంటికొచ్చాక అమ్మ భోజనాల బల్ల దగ్గర నా ఫోన్ ముందు పెట్టుకుని కూర్చుంది. వాడు లొకేషన్ షేర్ చేశాడు. నీలం చుక్క 75 మీద మెకిన్నీ దాటింది. మెలిస్సా అనే ఊరి దగ్గర ఆగిపోయింది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. అమ్మ ఏమీ అనలేదు, కొంగుతో ఫోన్ అద్దం తుడిచింది. పద్దెనిమిదో నిమిషంలో నేనే ఫోన్ చేశాను.

"బకీస్ గ్యాస్ స్టేషన్‌లో ఆగాం పిన్నీ. వాష్‌రూమ్‌కి పెద్ద లైను. అమ్మమ్మకి ఏమైనా కావాలా?"

ఏం కావాలంటాడే అంది అమ్మ. ఏమీ వద్దంట్రా అన్నాను.

మూడు దాటాక చుక్క కదిలింది. అమ్మ రెండు వేళ్ళతో మ్యాప్ పెద్దది చేసుకుని, ఆ ఊరి పేరు చుక్క కిందికి జారేదాకా చూసింది.

"అన్న దాటాడు" అని లేచి, రేపటికి మినప్పప్పు నానబోయడానికి వెళ్ళింది.