బరంపురం పట్టును ఫోనులో చూపించాలంటే

ఒడిశాలోని బరంపురంలో నేసే పట్టు చీరను ఫోనుతో ఫొటో తీయడం కష్టమైన పని. పడుగుకు (నిలువు పోగులకు) ఒక రంగు, పేకకు (అడ్డ పోగులకు) ఇంకో రంగు వేసి నేసిన చీరయితే మరీ కష్టం. ఎర్ర పడుగు మీద నల్ల పేక పడిన చీర ఎదురుగా చూస్తే ఒక రంగు, పక్కకు తిప్పితే మరో రంగు. కెమెరా ఆ రెండింటిలో ఏదో ఒకటే పట్టుకుంటుంది. ముదురు ఎరుపు, రాణీ రంగు చీరలకైతే ఫోను తనంతట తానే రంగు పెంచేస్తుంది. నేత గీతలు కనిపించకుండా పోయి చీరంతా ఒకే ముద్దగా వస్తుంది. అందుకే నేను ట్యూబులైటు కింద ఎప్పుడూ తీయను. పొద్దున ఎండ నేరుగా పడని వసారాలో, తెల్ల గోడ పక్కన, చీరను ఒక మడత విప్పి పెట్టి తీస్తాను. ఆ తర్వాత ఆ మడతను నెమ్మదిగా అటూ ఇటూ కదిలిస్తూ చిన్న వీడియో తీస్తాను. రంగు మారడం వీడియోలోనే తెలుస్తుంది.

ఇంత జాగ్రత్త ఎందుకని మా క్లాసులో కొందరు అడుగుతారు. ఫోనులో చూసి ముచ్చటపడి కొన్న చీర ఇంటికి వచ్చాక వేరే రంగులో ఉంటే తిప్పి పంపిస్తారు. ఆ నష్టం దుకాణం దగ్గర ఆగదు. చివరికి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి కూలి దాకా వస్తుంది. సోషల్ మీడియాలో ఒక ఫొటోకు ఉండే బాధ్యత నాకు అక్కడే అర్థమైంది.

నేను బరంపురంలో జర్నలిజం, ప్రజా సంబంధాలు (పీఆర్) చదువుకుంటున్నాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రమయ్యే వరకూ ఈ గంజాం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. రాష్ట్రపతిగా పనిచేసిన వి.వి. గిరి 1894లో పుట్టింది ఈ ఊళ్ళోనే. ఇక్కడి నేత కుటుంబాలు మహురి సంస్థానం రాజుగారు పిలిస్తే రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చాయని మా పెద్దలు చెప్పుకుంటారు. రెండేళ్ళకోసారి జరిగే బుఢీ ఠాకురాణి యాత్రలో అమ్మవారు ఆడపడుచుగా పుట్టింటికి వచ్చేది నేతవాళ్ళ కులపెద్ద అయిన దేశిబెహరా వీధికే. ఆ రోజుల్లో ఊరంతా వేషాలే. పులి వేషం, దేవతల వేషం, రాజుల వేషం. దుస్తులు మనిషిని ఎంతగా మార్చగలవో నేను చిన్నప్పుడు తెలుసుకున్నది ఏ ఫ్యాషన్ పత్రికలోనో కాదు, ఆ జనంలో నాన్న భుజం మీద కూర్చుని.

తాతయ్య వయసులో ఉండగా మగ్గం నేశారు. ఇప్పుడు మా ఇంట్లో బాబాయి ఒక్కరే నేస్తున్నారు. సోషల్ మీడియా, పీఆర్, ఫ్యాషన్ అని నేను ఆసక్తిగా చెప్పినప్పుడల్లా చుట్టాలు 'ఏదో ఒకటి ఎంచుకో తల్లీ' అంటారు. నాకు అవి మూడు దారులుగా కనిపించవు. ఒక బట్టను ఎవరు, ఎలా, ఎంత శ్రమతో తయారుచేశారో కొనేవాళ్ళకు పూర్తిగా, నిజంగా చెప్పడమే ఆ మూడింటిలోనూ నేను నేర్చుకోవాలనుకుంటున్న పని.

పీఆర్ చరిత్రలో ఇద్దరి గురించి చదివాక ఈ ఆలోచన గట్టిపడింది.

మొదటి మనిషి ఎడ్వర్డ్ బెర్నేస్. 1934లో అమెరికాలో లక్కీ స్ట్రయిక్ సిగరెట్ పెట్టె ఆకుపచ్చగా ఉండేది. ఆ రంగు తమ దుస్తులకు నప్పదని ఆడవాళ్ళు ఆ పెట్టెను ఇష్టపడడం లేదని కంపెనీకి తెలిసింది. పెట్టె రంగు మార్చడానికి కంపెనీ అధినేత ఒప్పుకోలేదు. అప్పుడు బెర్నేస్ ఆకుపచ్చనే ఫ్యాషన్ రంగుగా మార్చడానికి పూనుకున్నాడు. న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో సంపన్న స్త్రీల కోసం 'గ్రీన్ బాల్' అనే వేడుక జరిగేలా చూశాడు. బట్టల తయారీదారులను, ఫ్యాషన్ సంపాదకులను ఆకుపచ్చ వైపు తిప్పాడు. వెనక ఉన్నది సిగరెట్ కంపెనీ అని వాళ్ళకు చెప్పలేదు. మా క్లాసులో దీన్ని గొప్ప తెలివిగా చెప్పుకుంటారు. తెలివి ఉందని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ వేడుకకు ఆకుపచ్చ గౌను కుట్టించుకుని వెళ్ళిన ఆవిడకు తాను ఎవరి వ్యాపారం కోసం ముస్తాబయిందో తెలియదు. నేను అలాంటి పని నేర్చుకోను. ఎవరైనా చేస్తుంటే గుర్తుపట్టడం మాత్రం నేర్చుకుంటాను.

రెండో మనిషి ఎలినార్ లాంబర్ట్. రెండో ప్రపంచ యుద్ధంలో ప్యారిస్ జర్మన్ల చేతిలో ఉన్నందువల్ల అమెరికా పత్రికలవాళ్ళు అక్కడికి వెళ్ళి కొత్త దుస్తులు చూసే వీలు లేకపోయింది. అమెరికాలో దుస్తులకు తయారీ సంస్థ పేరు, దుకాణం పేరు ఉండేవి కానీ రూపకల్పన చేసిన మనిషి పేరు పెద్దగా బయటికి వచ్చేది కాదు. 1943లో లాంబర్ట్ న్యూయార్క్‌లో 'ప్రెస్ వీక్' పెట్టి, పత్రికల సంపాదకులను పిలిచి, ఆ మనుషుల పనిని పేర్లతో సహా చూపించారు. ఇవాళ్టి న్యూయార్క్ ఫ్యాషన్ వీక్‌కు మూలం అదే. ఆవిడ తన చుట్టూ అప్పటికే ఉన్న పనివాళ్ళను, అప్పటికే ఉన్న పత్రికలను ఒక గదిలోకి తెచ్చారు. నాకు అదే గొప్పగా అనిపిస్తుంది.

బరంపురానికి లాంబర్ట్ చేసిన పని కావాలి. 2015 నుంచి ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం జరుపుతున్నారు. ఆ రోజున హోటల్ హాలులో బొమ్మలకు చీరలు కట్టి నిలబెట్టే బదులు, విలేకరులను, రీల్స్ చేసే పిల్లలను మా వీధికే తీసుకురావాలి. మగ్గం ముందు కూర్చోబెట్టాలి. నాడె (పేక పోగును అటూ ఇటూ తీసుకెళ్ళే పనిముట్టు) చేతికివ్వాలి. ఒడియా పత్రికలవాళ్ళను, అటు ఇచ్ఛాపురం దాటి శ్రీకాకుళం నుంచి తెలుగు పత్రికలవాళ్ళను కలిపి పిలవాలి. ఈ చీర రెండు వైపులా పెళ్ళిళ్ళలో కట్టేదే కదా.

ఆ వచ్చినవాళ్ళకు చూపించవలసింది చాలా ఉంది. బరంపురం పట్టుకు గుర్తు దాని 'ఫొడా కుంభ'. అంచు, చీర నేల (మధ్య భాగం) కలిసే చోట గుడి శిఖరాల్లా మొనలు తేలిన వరస అది. నేలకు ఒక నాడె, రెండు అంచులకు రెండు నాడెలు తిరుగుతాయి. ఒక్కో పోగు దగ్గర రంగులు కలవవలసిన చోట చెయ్యి ఆగాలి. బాబాయి నేస్తుంటే పిన్ని పక్కనే కూర్చుని అంచు నాడె అందిస్తుంది. ఆవిడ లేకపోతే ఆ మొన సూటిగా రాదు. అయినా ఏ ప్రకటనలోనూ మగ్గం పక్కన కూర్చున్న రెండో మనిషి కనిపించదు. నా పోస్టుల్లో పిన్ని చేతులు ముందు కనిపిస్తాయి.

ధర సంగతి కూడా చెప్పాలి. 'పట్టుకు ఇంత ధరా' అనే వ్యాఖ్య ప్రతి పోస్టు కిందా వస్తుంది. ముడి పట్టునూలును సబ్బు నీటిలో ఉడికించి జిగురు తీస్తే దాదాపు నాలుగో వంతు బరువు తగ్గిపోతుంది. కొన్న నూలు వేరు, నేతకు అందే నూలు వేరు. ఆ పైన అద్దకం, ఆసు పోయడం, కండెలు చుట్టడం, పడుగు అతకడం. అసలు నేత మొదలవడానికి ముందే ఎన్నో చేతులు పనిచేసి ఉంటాయి. ధర గురించి అడిగినవాళ్ళతో నేను వాదనకు దిగను. ఈ పనులన్నీ వరసగా రాసి పెడతాను. నూలు ఉడికించే గిన్నె ఫొటో పెట్టిన రోజున ఆ వ్యాఖ్యల స్వరమే మారిపోయింది.

రీల్స్‌లో ఎక్కువగా కలిపేస్తున్న విషయం ముద్రలు. సిల్క్ మార్క్ ఉంటే అది అసలైన పట్టు అని అర్థం. చేత్తో నేశారని అది చెప్పదు. చేత్తో నేసినదానికి 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్ వేరే ఉంది. బరంపురం పట్టు చీరకూ, మగవాళ్ళు కట్టే 'జోడ'కూ 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది ఊరికి, ఆ నేత పద్ధతికి సంబంధించినది. మూడూ మూడు ప్రశ్నలకు జవాబులు. సిల్క్ మార్క్ చీటీ చూపించి 'చేనేత' అనడం కొనేవాళ్ళను తప్పుదారి పట్టించడమే.

ఒక దుకాణంవారు నన్ను సరిగ్గా అదే చేయమన్నారు. మరమగ్గం చీరలను 'తాతల కాలం నాటి చేనేత' అని రీల్‌లో చెప్పాలి. ఒక చీర ఉచితంగా ఇస్తారు. డబ్బూ ఇస్తారు. ప్రకటన అని మాత్రం ఎక్కడా రాయకూడదు. కుదరదని చెప్పి వచ్చేశాను. మన దేశంలో దీనికి నియమాలు ఉన్నాయి. ప్రకటనల ప్రమాణాలు చూసే ఆస్కీ సంస్థ 2021లోనే ఇన్‌ఫ్లుయెన్సర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా ఇచ్చింది. డబ్బు ఒక్కటే కాదు, ఉచితంగా వచ్చిన వస్తువూ లెక్కలోకి వస్తుంది. ప్రకటన అనే మాట స్పష్టంగా, తప్పించుకోలేని చోట కనిపించాలి. వీడియోలో అయితే చూపించాలి, వినిపించాలి కూడా. తప్పుదోవ పట్టించే ప్రకటన చేస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా ఉంటుంది. మా క్లాసులో రీల్స్ చేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఈ సంగతి మొదటి సెమిస్టర్‌లోనే చెప్పాలని మా ఉపాధ్యాయులను అడుగుతూనే ఉన్నాను.

పేరు చెప్పకపోతే ఏమవుతుందో అందరం చూశాం. 2025 జూన్‌లో మిలాన్‌లో ఇటలీ ఫ్యాషన్ సంస్థ ప్రాడా మగవాళ్ళ దుస్తుల ప్రదర్శనలో అచ్చం కొల్హాపురి చెప్పుల్లాంటివి వేసి నడిపించింది. ఆ చెప్పులకు 2019 నుంచి భౌగోళిక గుర్తింపు ఉంది. మహారాష్ట్రలో నాలుగు జిల్లాలు, కర్ణాటకలో నాలుగు జిల్లాలు దాని పరిధి. ప్రదర్శనలో ఆ ఊసే లేదు. మామూలు మనుషులు ఫోనుల్లో పక్కపక్కన ఫొటోలు పెట్టి అడగడం మొదలుపెట్టాక, భారతీయ సంప్రదాయ పాదరక్షల స్ఫూర్తితో చేశామని సంస్థ ఒప్పుకుంది. సోషల్ మీడియా మీద నాకున్న నమ్మకానికి ఇదొక కారణం. చెప్పులు కుట్టే చేతులకు ఖరీదైన పీఆర్ సంస్థ లేదు. వాళ్ళ తరఫున అడిగే జనం ఉన్నారు.

పెద్దమ్మ వాళ్ళు రాయగడలో ఉంటారు. అక్కడికి వెళితే బుధవారం నాడు చాటికోన సంతకు వెళ్ళకుండా రాను. నియమగిరి కొండల మీది డొంగ్రియా కొంధ్ గిరిజన స్త్రీలు అక్కడికి దిగుతారు. వాళ్ళు ముతక తెల్ల బట్ట మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో కుట్టే 'కప్డాగండ' శాలువకు 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కుట్టులోని ముక్కోణాలు, గీతలు చూస్తూ ఎంతసేపైనా నిలబడవచ్చు. ఆ సంతలో బయటి నుంచి వచ్చినవాళ్ళు అడగకుండానే ఆ ఆడవాళ్ళ ముఖాల మీదకు కెమెరాలు పెడతారు. చూస్తే నాకు కోపం వస్తుంది. నేను అడుగుతాను. వద్దని తల తిప్పుకుంటే ఫోను సంచిలో పెట్టేసుకుని శాలువ గురించి రాస్తాను. ఫొటో లేని పోస్టును తక్కువమంది చూస్తారు. అయినా సరే.

మా జిల్లాలోనే బొంకాయి అనే ఊరు ఉంది. బొంకాయి చీరకు పేరిచ్చిన ఊరు. ఇవాళ ఆ చీరలు ఎక్కువగా నేసేది పశ్చిమాన సోన్‌పూర్ వైపు. పేరు ఇక్కడ ఉండిపోయి, మగ్గాలు అక్కడ ఆడుతున్నాయి. బరంపురం పట్టుకు అలా జరగకూడదన్నది నా తపన. బాబాయి కొడుకు మగ్గం నేర్చుకోనంటున్నాడు. వాడిని తప్పుపట్టలేను. నేతతో ఇల్లు గడుస్తుందని వాడికి నమ్మకం కలగాలి. ఆ నమ్మకం లైకులతో రాదు, నేరుగా వచ్చే ఆర్డర్లతో వస్తుంది. అందుకే నా పోస్టుల్లో నేసినవారి పేరు వాళ్ళ అనుమతితో రాస్తాను. నూలు, నాడెలు, పట్టిన కాలం, ధర రాస్తాను. తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో రాస్తాను. తాతయ్య నా ఒడియా వాక్యాలు సరిచూస్తారు, 'ఇక్కడ అంచు అని రాశావు, ఏ అంచో చెప్పమ్మా' అని మళ్ళీ రాయిస్తారు.

చదివేవారికి ఒక మనవి. మీ ఇంట్లో, మీ అమ్మమ్మ పెట్టెలో పాత బరంపురం పట్టు ఉంటే దాని ఫొటో పంపండి. నీడలో, తెల్ల గోడ పక్కన పెట్టి తీయండి. చీరంతా అక్కర్లేదు. అంచు, నేల కలిసే చోటు దగ్గరగా, బట్ట పైవైపు ఒకటి, లోపలివైపు ఒకటి కావాలి. ఏ పెళ్ళికి కొన్నారో, ఎక్కడ కొన్నారో గుర్తుంటే రాయండి. పాత ధర గుర్తుంటే మరీ మంచిది. మీ పేరు పెట్టమంటే పెడతాను, వద్దంటే పెట్టను. వచ్చిన అంచులన్నీ బాబాయికి చూపిస్తాను. ఇప్పుడు నేయడం మానేసిన మొనల వరసలు వాటిలో దొరికితే మళ్ళీ మగ్గానికి ఎక్కిస్తానన్నారు. మగవాళ్ళ జోడలు కూడా పంపండి. వాటి ఫొటోలు నా దగ్గర చాలా తక్కువ ఉన్నాయి.